దెబోరా టీచరు రెండు చేతులు

దెబోరా టీచరు ఎడమ చేతి మీద మోచేయి నుంచి మణికట్టు దాకా పంటి గాట్లు ఉంటాయి. కొన్ని నల్లబడ్డాయి, కొన్ని ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఒకరోజు కొత్త గాటు చూసి, ఈసారి కుక్క గానీ కరిచిందా అని అడిగేశాను. అడగకుండా ఉండడం నాకు చేతకాదు. మా గల్లీలో ఏ ఇంట్లో ఏం కూర ఉడుకుతోందో మూత తీయకముందే నాకు తెలిసిపోవాలి.

"కుక్క గాదు కమలవ్వా, మూడో తరగతి," అంది నవ్వుతూ.

మాది కరీంనగర్‌కు పడమట నేతగాళ్ల ఊరు. మరమగ్గాలను మేం సాంచెలంటాం. పొద్దున మొదలుపెడితే ఇంటింటా టకటకమని ఒకటే మోత. ఆ మోతలో మా పసిపిల్లలు హాయిగా నిద్రపోతారు, సాంచెలు ఆగితేనే ఉలిక్కిపడి లేచి ఏడుస్తారు. ఈ మోత మీదుగా మాట వినబడాలంటే అరవాలి కాబట్టి మేం ఉప్పు అడిగినా అరిచే అడుగుతాం. కొత్తగా వచ్చినవాళ్లు కొట్లాట అనుకుంటారు. దెబోరా టీచరు కూడా వచ్చిన మొదటి వారం నేను, మా తోడికోడలు మాట్లాడుకుంటుంటే విడిపించడానికి పరుగెత్తుకొచ్చింది.

ఆమెది మందమర్రి. తండ్రి సాల్మన్ బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఐదేళ్ల కిందట మా ఊరి సర్కారు బడికి బదిలీ మీద వచ్చి, మా ఎదురింట్లో రెండు గదులు కిరాయికి తీసుకుంది. ఆదివారం తప్పకుండా చర్చికి పోతుంది. పెండ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "అడగవలసినోళ్లు అడగలే, అడగకూడనోళ్లంత అడుగుతున్నరు," అని నా వైపు చూసింది. ఆ సంగతి అక్కడితో వదిలేశాను.

నేను ఐదో తరగతి దాకా చదివి నూలు కండెలు చుట్టే పనిలో పడ్డాను. ఇప్పుడు చూపు మందగించి ఆ పని మానేసి, మా మహిళా సంఘం తరఫున బడిలో మధ్యాహ్నం అన్నం వండుతున్నాను. వంటగది కిటికీ నుంచి మూడో తరగతి నేరుగా కనబడుతుంది. కాబట్టి ఇక్కడ రాసేది ఎవరో చెప్పగా విన్నది కాదు.

బడి బయట ఉన్న పిల్లల లెక్క రాసుకోవడానికి టీచరు జూన్‌లో ఇల్లిల్లూ తిరుగుతుంటే, దారి చూపే నెపంతో నేనూ వెంట వెళ్లాను. రాంచందర్ సాంచెల షెడ్డులో అడుగుపెట్టగానే టీచరు ఆగిపోయింది. నాలుగు సాంచెలకు రెండు నడుస్తున్నాయి. ఆగి ఉన్నదాని ఇనుప కాలికి, సాంచె తిప్పే పాత తోలు పట్టాతో, తొమ్మిదేళ్ల ఆడపిల్లను చీలమండ దగ్గర కట్టేశారు. పట్టా ఒరుసుకుని చర్మం లేచిపోయింది. పిల్ల ఈగలను కూడా తోలుకోవడం లేదు. నేలకు తల ఆనించి, సాంచె మోతకు తగ్గట్టు ముందుకూ వెనక్కూ ఊగుతోంది.

రాంచందర్ బిడ్డ ప్రవళిక అలా ఉంటుందని మా గల్లీకంతా తెలుసు. నాకూ తెలుసు. అన్నీ అడిగే నేను ఆ ఒక్కటి ఎందుకు అడగలేదో ఈనాటికీ నాకే తెలియదు.

టీచరు కూర్చుని పట్టా ముడి విప్పడం మొదలుపెట్టింది.

"ఇడిస్తె కరుస్తది మేడం!" తల్లి పద్మలత సాంచె వెనక నుంచి అరిచింది. "మా మరిది చెవు తమ్మె తెంపింది!"

"బడికి తోలుతలేరా?"

"మూడు బడులు వద్దన్నయ్."

"నాది నాలుగోది," అంది టీచరు. ముడి ఊడింది, ఊడగానే పిల్ల ఆమె చేతిని కరిచింది. టీచరు చెయ్యి లాక్కోలేదు. లాక్కుంటే కండ ఊడుతుందట, నొక్కి ఉంచితే పళ్లు వాటంతటవే వదులుతాయట. ఆ సంగతి ఆమెకు ఎలా తెలుసో అప్పుడు నేను అడగలేదు.

కరీంనగర్‌లో పెద్ద డాక్టరుకు చూపించి, టీచరే పిల్ల పేరు మూడో తరగతిలో రాసుకుంది. పిల్లకు మాటలు ఐదేళ్లకు వచ్చాయి. కళ్లలోకి చూడదు. ఒకసారి రెండు విషయాలు ముడిపడితే ఆమె తలలో అవి ఇక విడిపోవు. పుట్టుకతో వచ్చిన ఎదుగుదల లోపం, దాని మీద ప్రవర్తన సమస్య అని కాగితం రాసిచ్చారు. మందు కన్నా మనుషులు ముఖ్యమన్నారట. మనుషులంటే దెబోరా టీచరు ఒక్కతే, మూడో తరగతిలో ముప్పై ఇద్దరు.

అందరితో కలిపి కూర్చోబెట్టి చదువు చెప్పడాన్ని సహిత విద్య అంటారట. టీచరు దానికి మూడు రోజుల శిక్షణకు పోయి వచ్చింది.

"గా ముక్కకు మూడు దినాల ట్రైనింగా?" అన్నాను.

"కూసుండబెట్టుడు ఒక్క దినం కమలవ్వా. ఆళ్లు కొడ్తె మనం కొట్టకుంట ఉండుడు రెండు దినాలు."

శిక్షణలో చెప్పినట్టే చేసింది. గది మూలన చాప వేసి కిటికీకి గుడ్డ కట్టింది. పిల్ల బెదిరినప్పుడు అక్కడికి తీసుకెళ్లి, మిగతా పిల్లలను ఊరుకోమని సైగ చేసి, గొంతు బాగా తగ్గించి మాట్లాడేది. "ఏం గాదు ప్రవళికా... నేనున్న గద..." వంటగదిలోకి వినబడనంత మెల్లగా. నాకు ప్రాణం విసిగిపోయేది.

ఆ గొంతు ఎంత తగ్గితే ప్రవళిక అంత రెచ్చిపోయేది. టీచరు బుగ్గ గీరింది, జుట్టు పట్టుకుని గోడకు కొట్టింది. ఒకసారి పలక విసిరితే అంచు తగిలి టీచరు పెదవి చీలింది. ఇంకోసారి అందరూ చప్పుడు లేకుండా లెక్క చేసుకుంటుంటే లేచి, పక్కనున్న రోజారాణి నెత్తి మీద స్టీలు టిఫిను మూతతో బాదింది. మూత వంగిపోయింది. పిల్ల నొసలు పగిలి రక్తం పుస్తకాల మీద చిమ్మింది. నేను పప్పు గిన్నె వదిలేసి పరుగెత్తి కొంగుతో అదిమిపట్టాను. నాలుగు కుట్లు పడ్డాయి.

రోజారాణి తండ్రి ఓంప్రకాశ్‌కు బజార్లో బట్టల కొట్టు ఉంది, మనిషి దిట్టం. ఆ సాయంత్రమే వచ్చి హెడ్‌మాస్టర్ హనుమండ్లు సారు బల్ల మీద గుద్దాడు.

"బడా ఇది, దున్నపోతుల దొడ్డా? ఆమె ఉంటె నా బిడ్డ ఉండది. నా ఒక్కదే గాదు, ఇరవై మంది పిల్లల టీసీలు తీసుకపోతం!"

హనుమండ్లు సారు చెడ్డవాడు కాదు, భయస్తుడు. సోమవారం తల్లిదండ్రుల మీటింగు పెడతానన్నాడు. ఈలోపు ఒక్క రక్తపు చుక్క పడినా ప్రవళిక పేరు కొట్టేస్తానని టీచరుతో చెప్పాడు. ఆ మాట వినగానే పద్మలత వంటగదికి వచ్చి నా పక్కన కూలబడింది.

"మా ఆయన పట్టా తీసి నూనె రాసి పెట్టిండవ్వా. ఈసారి మెడకు ఏస్తడట."

ఇంటికి వెళ్లి నేను టీచరు గాట్లకు పసుపు అద్దుతుంటే ఆమె కళ్ల నుంచి ధారలు కారాయి. నొప్పికి కాదు.

"నా మొదటి కొలువు జైనూర్ అవతల, అడివిల. గిట్లనే ఊగుకుంట, దగ్గరికి పోతె కరిచే పిల్ల ఒకతె ఉండె. పాఠం జెప్పనిస్తలేదని వెదురు బెత్తంతోని కొట్టిన. చెయ్యి అడ్డం పెట్టింది. వేలు ఇరిగింది. చప్పుడు ఇనవడ్డది నాకు. తెల్లారి వాళ్ల బాపు భుజాన ఏసుకొని తీస్కపోయిండు, మళ్ల తేలే. ఆ పిల్ల పేరు గూడ యాదికి లేదు కమలవ్వా. గదే నన్ను తింటది."

నాకు ఓదార్చడం రాదు, అడగడమే వచ్చు. మరునాడు మధ్యాహ్నం ప్రవళికను నా దగ్గర కూర్చోబెట్టుకుని ఉడికిన గుడ్ల పెంకు తీయించాను. నా దగ్గర ఎప్పుడూ కరవదు. నేను ఎప్పుడూ అరుస్తూ ఉంటానన్నది అప్పటికి నాకు తట్టలేదు.

"ఏమే, టీచరమ్మను ఎందుకు కొడ్తవే?" అని గట్టిగా అడిగాను.

పెంకు మీదనే చూపు పెట్టి చెప్పింది. "టీచరు కొడ్తది."

"ఎప్పుడు కొట్టిందే? అబద్దాలాడితె నోట్లె పుండైతది!"

"ఇంకా కొట్టలే. మెల్లగ మాట్లాడుతాంది గద. కొడ్తది."

నేను గుడ్డు పక్కన పెట్టాను. "మెల్లగ మాట్లాడితె కొడ్తరా? ఎవలు కొడ్తరే?"

"సాంచె ఆగుతది. బాపు మెల్లగ మాట్లాడుతడు. దా బిడ్డా అంటడు. కొడ్తడు."

వంటగదిలో నుంచి తరగతికి ఎలా పోయానో తెలియదు. పిల్లల ముందరే చెప్పేశాను. దెబోరా టీచరు చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆర్డర్లు లేక సాంచెలు మాటిమాటికీ బందయిన ఏడాది అది. సాంచె నడుస్తుంటే రాంచందర్ అరుస్తాడు, అరుస్తున్నంతసేపు పనిలో ఉంటాడు. ఆగితే తాగుతాడు. అప్పుడు అరవాల్సిన పని లేదు, ఇల్లంతా చప్పుడు లేకుండా ఉంటుంది. చప్పుడు లేకపోవడం, మెల్లని మాట, తర్వాత దెబ్బ. ఈ మూడూ పిల్ల తలలో ఒక్క ముడి. దెబ్బ పడకముందే తను కొట్టేయడం నేర్చుకుంది. టీచరు రెండు నెలలుగా మూల చాప మీద రోజూ ఆ ముడినే బిగించింది.

"ప్రవళికా!" అని టీచరు బడి కప్పు ఎగిరిపోయేలా అరిచింది. "పలక తీయ్! ‘అ’ రాయి!"

ప్రవళిక వచ్చి కూర్చుని పలక తీసింది.

మూడు రోజులు ఆ గది నుంచి ఒకటే అరుపులు. ఎక్కాలు అరిచే చెప్పారు, పద్యం అరిచే పాడారు. ఒక్క కాటు లేదు, ఒక్క గీరు లేదు. హనుమండ్లు సారు చెవుల్లో దూది పెట్టుకుని రిజిస్టర్లు రాసుకున్నాడు.

సోమవారం వచ్చింది. కరెంటు పొద్దుటి నుంచే లేదు. ఊళ్లో ఒక్క సాంచె మోత లేదు, గల్లీలో పసిపిల్లలంతా లేచి ఏడుస్తున్నారు. వరండాలో తల్లిదండ్రులు కూర్చున్నారు. రాంచందర్ స్నానం చేసి, ఇస్త్రీ అంగీ వేసుకుని వచ్చాడు. కుడి చేతి గుప్పిటకు పట్టా చుట్టి ఉంది. ఎవరి మొహమూ చూడకుండా, "కొట్లాట వద్దు సారూ, నా బిడ్డను నేను తీస్కపోత," అన్నాడు. తరగతి గుమ్మం దగ్గర నిలబడి, తేనె పూసినట్టు పిలిచాడు.

"దా బిడ్డా. ఇంటికి పోదాం."

"సూసిండ్రా, ఎంత నెమ్మదస్తుడో!" అన్నాడు హనుమండ్లు సారు ఓంప్రకాశ్‌తో.

లోపల ప్రవళిక లాగు తడిసిపోయింది. తన చేతిని తనే కొరుక్కుంటూ గోడకు అతుక్కుపోయింది. దెబోరా టీచరు వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మేడం, జరుగుండ్రి," అన్నాడు ఇంకా మెల్లగా.

"జరుగ!" అని అరిచింది టీచరు, కదలకుండా.

పట్టా గాలిలో చప్పుడు చేసింది. మొదటి దెబ్బ ఆమె చెంప మీద పడింది. తోలు చివర ఉన్న ఇనుప కొక్కెం చెవి దగ్గర చీల్చింది. రెండోది మెడ మీద. ఆమె గుమ్మం రెండు పక్కలా పట్టుకుంది కానీ చెయ్యి ఎత్తలేదు. మూడోది పడేలోపు నేను అన్నం తెడ్డుతో వచ్చాను. ఊరు ఊరంతా వినబడేలా అరుస్తూ అతని మోచేతి మీద ఒకటి, భుజం మీద ఒకటి, మళ్లీ మోచేతి మీద ఒకటి వేశాను. ఎముక కదిలిన చప్పుడు నా చేతికి తెలిసింది. నిజం చెప్పాలంటే ఆ చప్పుడు నాకు హాయిగా అనిపించింది. అప్పటికి ఓంప్రకాశ్ వెనక నుంచి అతన్ని వాటేసుకుని నేల మీద పడేశాడు.

రాంచందర్ కింద పడి, మోచెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "నేను అరుస్తనా మేడం? మా బాపు లెక్క ఒక్కనాడన్న అరిచిన్నా నేను? అడుగుండ్రి దాన్ని! ఒక్కనాడన్న గట్టిగ మాట్లాడిన్నా?"

టీచరు చెవి నుంచి కారిన రక్తంతో రవిక భుజం దగ్గర తడిసిపోయింది. ఓంప్రకాశ్ పట్టా తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. కొక్కెం దగ్గర నల్లగా ఎండిపోయిన మరకలున్నాయి, ఈరోజువి కావు.

"నా బిడ్డకు నాలుగు కుట్లు పడ్డయ్," అన్నాడు. "గీ పిల్లకు ఎన్ని పడాలెనో ఎవలన్న లెక్క పెట్టిండ్రా? ఉండనియ్యుండ్రి సారూ. గని నా బిడ్డ పక్కన మాత్రం వద్దు."

వేసవి సెలవుల దాకా చూద్దామని తీర్మానం రాశారు. ఠాణాలో రాంచందర్‌తో పిల్లను ఇక కట్టనని, కొట్టనని కాగితం రాయించారు. ఆ పట్టా ఇప్పటికీ ఆఫీసు బీరువాలో రిజిస్టర్ల పక్కన ఉంది.

ఆ రాత్రి మా గల్లీ ఆడవాళ్లందరికీ తెడ్డు కథ తిప్పితిప్పి చెప్పాను. తెల్లారి టీచరు వాచిన మొహంతోనే బడికి వచ్చింది. కట్టు కట్టిన చెవితో, ఎప్పటిలా గట్టిగా పిలిచింది. "ప్రవళికా! పలక తీయ్!"

పిల్ల బల్ల మీద నుంచి దూకి ఆమె ముంజేతిని కరిచింది. అంత లోతుగా అంతకు ముందు ఎప్పుడూ కరవలేదు. నేను కిటికీ నుంచి అరుస్తుంటే ఇంకా బిగించింది. అది వదిలాక టీచరు నా దగ్గరికి వచ్చి, చెయ్యి నీళ్ల కింద పెట్టింది. మాట మాత్రం నిదానంగానే వచ్చింది.

"నువ్వు గట్టిగ అరుసుకుంట కొట్టినవ్ కమలవ్వా. ఆమె కండ్ల ముందట. మెల్లని గొంతు వాళ్ల బాపు తీస్కపోయిండు. గట్టి గొంతు నువ్వు తీస్కపోయినవ్. ఇగ నేనే గొంతుతోని మాట్లాడాలె?"

నేను చేతిలో ఉన్న తెడ్డు కింద పెట్టాను.

వారం రోజులు ఆమె ప్రవళికతో మాట్లాడనే లేదు. సైగలు చేసింది. ఆ సైగలు చేస్తుంటేనే గమనించిందట, పిల్ల మొహం వైపు చూడదు కానీ చేతుల వైపు కన్నార్పకుండా చూస్తుందని. కొట్టేది గొంతు కాదు కదా. అప్పటి నుంచి తరగతిలో కొత్త పద్ధతి వచ్చింది. మాట్లాడే ముందు టీచరు రెండు చేతులూ చాచి, ముందూ వెనకా తిప్పి చూపించి, వాటిని బల్ల మీద పెట్టి, ఆ తర్వాతే నోరు తెరిచేది. మెల్లగానో గట్టిగానో, ఏదైనా సరే. పిల్లలూ అంతే. నీళ్లకు పోవాలన్నా ముందు చేతులు చూపాలి. నేను గుమ్మం దగ్గర తెడ్డు కింద పెట్టి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని చూపించి, అప్పుడు అన్నానికి పిలవాలి. తెడ్డు పెట్టడం మరిచిన రోజు టీచరే నన్ను బయటికి పంపింది.

ముడి ఒక్కసారిగా ఊడలేదు. వినాయక చవితికి ముందు ఒక కాటు, తర్వాత రెండు. బతుకమ్మ సెలవుల తర్వాత మళ్లీ మొదటికొచ్చి టీచరు చూపుడు వేలి గోరు ఊడింది. దీపావళి టపాకాయలకు బెదిరి కిటికీ అద్దం పగలగొట్టి తన చేతినే కోసుకుంది. ఓంప్రకాశ్ రెండుసార్లు టీసీ అడగడానికి వచ్చి, రెండుసార్లూ చేతులు చూపించి మరీ తిట్టి వెళ్లాడు.

డిసెంబరులో కాస్త ఆర్డర్లు వచ్చాయి, సాంచెలు నడుస్తున్నాయి. ఒకరోజు పద్మలతకు జ్వరమొచ్చి, బిడ్డ మరిచిన టిఫిను పట్టుకుని రాంచందర్ బడికి వచ్చాడు. మీటింగు తర్వాత అతను ఆ గుమ్మం దగ్గరికి రావడం అదే మొదలు. నేను పొయ్యి వదిలి బయటికొచ్చాను. తెడ్డు లోపలే పెట్టి వచ్చాను.

"బిడ్డా... టిఫిను మరిచినవే," అన్నాడు. అలవాటైన గొంతే, మెల్లగా.

దెబోరా టీచరు లేవలేదు, అడ్డం రాలేదు. తన రెండు చేతులూ బల్ల మీదే పెట్టి ఉంచింది, వేళ్లు మాత్రం తెల్లబడ్డాయి. ప్రవళిక లేచి నిలబడింది. గుప్పిటలో చెక్కిన పెన్సిలు, మొన పైకి.

"చేతులు!" అంది.

రాంచందర్‌కు అర్థం కాలేదు. ముప్పై ఒక్కమంది పిల్లలు ఒక్క గొంతుతో అరిచారు. "చేతులు సూపెట్టుండ్రి మామా!"

అతను టిఫిను కింద పెట్టి ఎడమ చెయ్యి చాచాడు. సాంచె నూనెతో నల్లగా ఉంది. ప్రవళిక అరచేయి చూసింది, వెనక చూసింది. తప్పు నేత ఎక్కడుందోనని గుడ్డను పరీక్షించినట్టు చూసింది.

"ఇంకోటి."

కుడి చెయ్యి అతను కదిలించాడు. అది పూర్తిగా లేవదు. నా తెడ్డు పడ్డ నాటి నుంచి ఆ మోచెయ్యి సగంలోనే ఆగిపోతుంది. నేను తల దించుకున్నాను. పిల్ల మాత్రం చూపు తిప్పలేదు, పెన్సిలూ దించలేదు. రాంచందర్ పళ్లు బిగించి, ఎడమ చేత్తో కుడి ముంజేతిని కింద నుంచి పట్టి, మెల్లమెల్లగా ఎత్తాడు. లేచినంత మేరకు లేపి, వేళ్లు విప్పాడు.

ప్రవళిక చాలాసేపు చూసింది. తర్వాత పెన్సిలును బల్ల మీద పెట్టింది.